అబ్బులు బొమ్మకి తగిన కాగితం

ముందే ఒప్పుకుంటున్నాను. మా కాలవల ఆఫీసులో ఒక మనిషి బొమ్మ గీయడానికి పది నెలలు పట్టింది. అందులో తొమ్మిది నెలల ఇరవై తొమ్మిది రోజుల ఆలస్యం నా వల్ల జరిగిందే. మిగిలిన ఒక్క రోజు ఆదివారం.

నా పేరు నరసింగరావు. నీటిపారుదల శాఖ సర్కిలాఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఒకప్పుడు మా డ్రాయింగు హాల్లో ఎనిమిది పెద్ద బల్లలు, వాటి ముందు ఎనిమిదిమంది మనుషులు ఉండేవాళ్ళం. కంప్యూటర్లు వచ్చాక ఏడు బల్లలూ ఏడుగురు మనుషులూ వెళ్ళిపోయారు. నన్ను మాత్రం ఉంచారు. ఎందుకుంచారని నేను అడగలేదు. అడిగితే నేనింకా ఉన్నానన్న సంగతి ఎవరికైనా గుర్తొస్తుందని భయం.

నాకొక సరదా ఉంది. బొగ్గుతో మనుషుల ముఖాలు గీస్తాను. ఆఫీసులో ఎవరు రిటైరైనా వాళ్ళ బొమ్మ గీసి ఇస్తాను. పుచ్చుకున్నవాళ్ళు దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "చాలా కష్టపడ్డారండీ" అంటారు. ఆ మాటని నేను ఇరవై ఏళ్ళుగా మెచ్చుకోలు కిందే జమకట్టుకుంటూ వచ్చాను.

బొమ్మల కంటే నాకు బాగా తెలిసింది కాగితాల సంగతి. నున్నటి కాగితం మీద బొగ్గు నిలవదు, ఊదితే పోతుంది. మరీ గరుకైతే ఎంత చక్కటి మనిషికైనా బుగ్గల నిండా స్ఫోటకం మచ్చలు వచ్చేస్తాయి. పల్చటిదైతే రెండుసార్లు చెరిపేసరికి చిల్లు పడుతుంది. చవకదైతే నాలుగేళ్ళకి పసుపెక్కి, బొమ్మలో మనిషికి కామెర్లు వచ్చినట్టుంటుంది. ఇవన్నీ చెప్పడం మొదలుపెడితే నేను ఆగను. మా ఆవిడ ఎప్పుడూ ఒకటే అంటుంది. "మీరు గీసేది గంట, కాగితం గురించి చెప్పేది నెల."

ఆ ఏడు ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు పెదలంక లాకుల దగ్గర బొంతు అబ్బులు అనే లస్కరు ఒక పని చేశాడు. లస్కరంటే లాకుల తలుపులు ఎత్తే, దించే మనిషి. పైనుంచి రాతమూలకంగా ఆర్డరు వస్తేనే తలుపు ముట్టుకోవాలి. ఆ మధ్యాహ్నం ఫోన్లు పనిచెయ్యలేదు. ఆర్డరు రాలేదు. నీళ్ళు మాత్రం వచ్చేశాయి. అబ్బులు తనంతట తనే చక్రం తిప్పి ఆరు తలుపులూ ఎత్తి, నీళ్ళని మురుగుకాలవలోకి వదిలేశాడు. కాలవ గట్టు తెగలేదు. ఐదు ఊళ్ళు నిలబడ్డాయి.

మొదటి వారం, ఆర్డరు లేకుండా తలుపులెత్తినందుకు అబ్బులుకి చార్జిమెమో ఇచ్చాం. రెండో వారం పేపర్లో అతని గురించి గొప్పగా వార్త వచ్చింది. మూడో వారం, సదరు చార్జిమెమోను ప్రశంసాపత్రముగా భావించవలెనని ఇంకో మెమో ఇచ్చాం. అబ్బులు రెండింటికీ అందినట్టు వేలిముద్రంత సంతకం పెట్టాడు.

నవంబరులో మాకు కొత్త ఎస్.ఇ. గారు, అంటే సర్కిలు మొత్తానికి పెద్ద ఇంజనీరు, వచ్చారు. ఉదయభాస్కర్ గారని, మంచాయన. కాని ఆయన అంతకుముందే హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకి వెళ్ళి 'వారసత్వం' అనే మాట తెచ్చుకున్నారు. మా ఆఫీసులో వారసత్వ మూల, వారసత్వ మొక్క, వారసత్వ మంచినీళ్ళ కుండ వెలిశాయి. ఆఖరికి వారసత్వ గోడ దగ్గరికి వచ్చారు. సమావేశాల హాల్లో, శాఖకి పేరు తెచ్చిన ఉద్యోగుల బొగ్గు చిత్తరువులు వరసగా తగిలించాలి. మొదటి బొమ్మ అబ్బులుది. జనవరి ఆఖరున అతను రిటైరవుతాడు, ఆ రోజే ఆవిష్కరణ.

నన్ను పిలిపించారు.

"ఫొటో ఎవరైనా తీస్తారు నరసింగరావు గారూ. చేత్తో గీస్తే అది చరిత్ర అవుతుంది. రెండు నెలలు టైముంది. సరిపోతుందా?"

సరిపోవడమేమిటి, రెండు గంటలు చాలు. నా బల్ల సొరుగులో, బొమ్మలు గీసే దళసరి కాగితాలు, నాలుగు మంచి కార్ట్రిడ్జి షీట్లున్నాయి. బొగ్గు పుల్లలున్నాయి. కాని ఇంతవరకూ నేను గీసిన బొమ్మలు చుట్టచుట్టి ఇళ్ళకి పట్టుకుపోయారు. ఇది గోడమీద ఉంటుంది. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు. అబ్బులుని ఎరిగినవాళ్ళు చూస్తారు.

"కాగితం లేదు సార్" అన్నాను.

"తెప్పించండి."

"మామూలు కాగితం పనికిరాదు సార్. వారసత్వం కదా. వందేళ్ళు నిలవాలి."

ఆ మాట నేను ఎందుకన్నానో నాకు తెలుసు. ఆయనకి తెలియదు. ఆయన కుర్చీలో ముందుకి జరిగి, "సరైన కాగితం అంటే ఎలా ఉండాలి?" అని అడిగారు. ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన. నలభై నిమిషాలు చెప్పాను. ఆయన రాసుకున్నారు. మధ్యలో రెండుసార్లు కలెక్టరాఫీసు నించి ఫోనొస్తే మీటింగులో ఉన్నానని చెప్పించారు.

"ఒక కాగితంలో ఇంత ఇంజనీరింగు ఉందని నాకు తెలియదు" అన్నారు చివర. "ఇది ఒక్కరు తేల్చే విషయం కాదు. సంఘం వేద్దాం."

ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. 'బొగ్గు చిత్తరువుల నిమిత్తము తగు కాగితపు ఎంపిక సంఘము.' అధ్యక్షులు ఎస్.ఇ. గారు. సభ్యులు క్వాలిటీ కంట్రోలు డిప్యూటీ ఇంజనీరు శంకరనారాయణ గారు, ఎకౌంట్స్ సూపరింటెండెంటు గారు. సభ్య కార్యదర్శి నేను. పాత స్టోరు గది ఖాళీ చేయించి నాకిచ్చారు. తలుపు మీద నా పేరు, కింద 'కాగితం' అని పలక కొట్టారు. సంఘం పేరంతా ఆ పలక మీద పట్టలేదు. వారం తిరిగేసరికి ఆఫీసంతా నన్ను కాగితం గారనడం మొదలుపెట్టింది. నాకు బాధ కలగలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పుకున్నాను.

అబ్బులు ప్రతి మంగళవారం పదకొండు గంటల బస్సుకి వచ్చేవాడు. బొమ్మ కోసం కూర్చోమని అతనికి ఆర్డరిచ్చారు. నల్లటి మనిషి, బక్కపల్చటివాడు, ఒత్తైన నెరిసిన జుట్టు, పెదవులు కనపడనివ్వని మీసం. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తొడుక్కుని, స్టూలు మీద నిటారుగా కూర్చుని, ఊపిరి కూడా జాగ్రత్తగా తీసేవాడు.

"ఇంకా కాగితం రాలేదు అబ్బులూ. మామూలుగా కూర్చో" అనేవాణ్ణి.

"పర్లేదండి. అలవాటవుద్ది."

ఒకసారి అతను బల్ల మీదున్న నమూనాల దొంతర చూసి మెల్లిగా అన్నాడు. "బాబుగారూ, నాకు తెలీకడుగుతాను. అయ్యన్నీ కాగితాలే కదండి?"

"కాగితాలే."

"అందులో ఒకటి తీసి గీసెయ్యకూడదాండి?"

నేను నవ్వి, అవెందుకు పనికిరావో ఒక్కొక్కటే ఎత్తి చూపించి వివరించాను. ఒంటిగంట దాకా విన్నాడు. "మరేనండి" అని లేచి బస్సుకి వెళ్ళిపోయాడు.

సంఘం మొదటి సమావేశానికి నేను పద్దెనిమిది పేజీల నివేదిక రాశాను. ఆ నెల మా ఆఫీసులో తెలుగు మాసం. ఫైళ్ళన్నీ తెలుగులోనే నడపాలి. బొగ్గుని పట్టుకునే ఆ సన్నటి గరుకుని చిత్రకారులు టూత్ అంటారు. దాన్ని తెలుగు చేసి, 'కాగితమునకు పన్ను తప్పనిసరిగా ఉండవలెను. పన్ను లేని కాగితము పనికిరాదు' అని రాశాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

ఎకౌంట్స్ సూపరింటెండెంటు గారు ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు. 'ప్రభుత్వ కార్యాలయము తనంతట తాను పన్ను కోరుట నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇదే ప్రథమము. ఏ పన్నో తెలుపవలెను' అని ఫైల్లో రాశారు. 'ఇక్కడ పన్ను అనగా దంతము' అని నేను బదులు రాశాను. ఫైలు తిరిగొచ్చింది. 'దంతములు ఎన్ని ఉండవలెను?'

నేను నవ్వేసి ఊరుకుంటే పోయేది. కాని సభ్య కార్యదర్శిని కదా. 'చదరపు సెంటీమీటరుకు తగినన్ని' అని రాశాను. తగినన్ని అంటే ఎన్నో తేల్చే బాధ్యత క్వాలిటీ కంట్రోలుకి వెళ్ళింది.

శంకరనారాయణ గారు మహా నిజాయితీపరుడు. సిమెంటు, కంకర, ఇసుక, ఇనుము పరీక్ష చెయ్యడంలో ఆయన మాటకి తిరుగులేదు. కాగితం ఎప్పుడూ చెయ్యలేదు. కాని ఆయన లేబొరేటరీలోకి వచ్చిన వస్తువు ఏదైనా సరే ఆయన దృష్టిలో కట్టడపు సామగ్రే. నమూనాలు ఒక్కో రకం దొంతరగా పేర్చి, అంటించి, కాంక్రీటు దిమ్మల్లా ఘనాలు చేయించారు. ఒక్కో ఘనాన్నీ యంత్రంలో పెట్టి నలగ్గొట్టారు. కాగితం ఎంత బరువు మోస్తుందో లెక్క తేలింది.

"సార్, దీని మీద బొగ్గుతో గీస్తాం. అంతే బరువు" అన్నాను.

"ఇవాళ బొగ్గు. రేపు ఇంకోటి. పునాది గట్టిగా ఉండాలి కదండీ" అన్నారాయన.

తరవాత నీటి పరీక్ష. మా శాఖలో ఏ వస్తువైనా ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానాలి. తొట్టిలో పన్నెండు రకాల కాగితాలు వేశారు. ఇరవై తొమ్మిదో రోజున తీస్తే పదకొండు రకాలు గుజ్జయిపోయాయి. 'విఫలము' అని రాశారు. పన్నెండోది చెక్కు చెదరలేదు. దానికి పైన ప్లాస్టిక్ పూత ఉంది. 'ఉత్తమము.' నేను దాని మీద బొగ్గుతో గీత గీశాను. పడలేదు. గట్టిగా అదిమాను. బొగ్గు విరిగింది.

ఎస్.ఇ. గారు ఆ నివేదిక శ్రద్ధగా చదివి, "కాగితం అన్ని పరీక్షలూ నెగ్గింది. విఫలమైంది బొగ్గు" అన్నారు. దాంతో బొగ్గు మీద ఉపసంఘం పడింది. బొగ్గుని జల్లెడ పట్టారు. తడి శాతం తీశారు. తుమ్మ బొగ్గా, మామిడి బొగ్గా, చింత బొగ్గా అని క్షేత్ర పర్యటనలు చేశారు. ఉపసంఘానికి కూడా నేనే కార్యదర్శిని. జీపు ఇచ్చారు. జీపులో ముందు సీట్లో కూర్చున్న మొదటి డ్రాఫ్ట్స్‌మన్ని నేనేనని ఎవరో అంటే, కాదనలేకపోయాను.

ఈలోగా జనవరి ఆఖరు వచ్చింది. అబ్బులుకి దండ వేసి, శాలువా కప్పి రిటైరు చేశాం. బొమ్మ లేదు. ఆవిష్కరణని సెప్టెంబరులో వచ్చే ఇంజనీర్ల దినోత్సవానికి మార్చాం.

ఆ సభలో నేను నోరు జారి ఇంకో తప్పు చేశాను. టీ తాగుతూ ఎస్.ఇ. గారితో, "ఈలోగా మనిషి మారిపోకుండా ఉండాలి సార్. మీసం తీసేస్తే ఇంతవరకూ చేసిన పరిశీలన వృథా" అన్నాను. పరిశీలన అంటే ఏముంది, ప్రతి మంగళవారం అతనికి కాగితాల గురించి చెప్పడమే. మర్నాడు నా చేతే మెమో రాయించారు. 'చిత్తరువు పూర్తియగువరకు శ్రీ బొంతు అబ్బులు, విశ్రాంత లస్కరు, తన శిరోజములయందుగాని మీసములయందుగాని ఎట్టి మార్పులు చేయరాదు.' రిటైరైన మనిషికి మెమో ఎలా వర్తిస్తుందని ఎవరూ అడగలేదు. అబ్బులు కూడా అడగలేదు. అందినట్టు సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక్క సంగతి అతను చెప్పలేదు. నాకు జులైలో తెలిసింది.

ఆ మంగళవారం అతని వెనకాల భార్య వచ్చింది. నూకరత్నం అని, పొట్టి మనిషి, పెద్ద బొట్టు. గది గుమ్మంలో నిలబడి పలక వంక చూసి అడిగింది.

"కాగితం బాబుగారంటే మీరేనాండి?"

"నేనేనమ్మా."

"నాకు రెండేళ్ళ కిందట పెద్ద ఆపరేసనయిందండి. బతకనన్నారు. అప్పుడీయన ఏడుకొండలవాడికి తలనీలాలిత్తానని మొక్కుకున్నాడు. లాకులొదిలి రావటానికి సెలవివ్వలేదు కదాని, రిటైరయ్యాక ఎల్దామన్నాడు. రిటైరయ్యి ఆరు నెల్లయిందండి. అడిగితే మెమో సూపెడతన్నాడు."

అబ్బులు నేల చూశాడు.

"ఎక్కువ రోజులు పట్టదమ్మా. కాగితం పరీక్షలో ఉంది."

"ఏం పరీచ్చండి?"

"నీళ్ళలో నానబెట్టారు. రెండోసారి."

"కాగితాన్నాండి?"

"ఇరవై ఎనిమిది రోజులు నానాలి."

ఆవిడ నన్ను కొంచెంసేపు చూసింది. కోపంగా కాదు. జ్వరమొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

"నీళ్ళలో ఏత్తే కాగితం పాడవుద్దని నాకు తెలుసండి. మీకు తెలవటానికి ఇరవై ఎనిమిది రోజులు పడతాదా?"

ఆవిడ మొగుడి వేపు తిరిగింది. "ఆ రోజు తలుపులెత్తినప్పుడు ఎవర్నడిగేవు?"

"అయి నీళ్ళే. ఆగవు" అన్నాడు అబ్బులు.

"దేవుడాగుతాడా? పద."

ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పి, మళ్ళీ మూసేశాను. కిటికీలోంచి చూస్తే బస్టాపులో వాళ్ళిద్దరూ కనిపించారు. అబ్బులు జేబులోంచి మెమో తీసి చూసుకుంటున్నాడు. నేను రాసిందే అది. నా దస్తూరీ గుండ్రంగా, అందంగా ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే ఎస్.ఇ. గారి దగ్గరికి వెళ్ళి, నీటి పరీక్ష ఆపించమని బతిమాలాను. కారణం కావాలన్నారు. 'చిత్తరువు గోడ మీద వేలాడదీయబడును. కాలవలో వేయబడదు' అని హామీపత్రం రాసిచ్చాను. దాన్ని న్యాయ సలహాకి పంపారు. అది ఆమోదమై వచ్చేసరికి ఆగస్టు ఆఖరయింది. అప్పుడు నేను నివేదిక పక్కన పెట్టి, మొట్టమొదట సొరుగులో ఉన్నాయన్నానే, ఆ నాలుగు కార్ట్రిడ్జి షీట్లనే పదమూడో నమూనాగా ప్రవేశపెట్టాను. శంకరనారాయణ గారు భూతద్దంతో పళ్ళు లెక్కపెట్టి, చదరపు సెంటీమీటరుకు నూటపద్దెనిమిది ఉన్నాయని తేల్చారు. ఒక షీటుని లాగి చింపి బలం చూశారు. నెగ్గింది. మిగిలిన మూడింట్లో ఒకటి ఆడిట్‌కి, ఒకటి సీలు వేసి క్వాలిటీ కంట్రోలుకి పోగా, ఒకటి నా చేతికొచ్చింది.

ఇంజనీర్ల దినోత్సవం ఇంక వారమే ఉంది. మంగళవారం అబ్బులు వచ్చాడు. వెనకాల నూకరత్నం. అబ్బులు తల మీద గంధం ఉంది. జుట్టు లేదు. మీసం లేదు. పెదవులు మొదటిసారి చూశాను. పల్చటి పెదవులు, నవ్వుతున్నాయో లేదో తెలియనట్టుగా ఉన్నాయి.

"మొన్న ఎల్లొచ్చామండి" అంది నూకరత్నం, సంచీలోంచి లడ్డూ తీసి నా బల్ల మీద పెడుతూ.

ఎస్.ఇ. గారికి కబురెళ్ళింది. ఆయన వచ్చి అబ్బులు చుట్టూ ఒకసారి తిరిగారు. లడ్డూ కళ్ళకద్దుకున్నారు. తరవాత నన్ను పక్కకి పిలిచారు.

"ఇది మనం ఆమోదించిన ముఖం కాదు."

"ముఖం అదే సార్. జుట్టే లేదు."

"మెమో తేదీనాటికి ఉన్న జుట్టు, మీసం అలాగే గీయండి. ఇన్నాళ్ళు పరిశీలించారు కదా."

ఆయన వెళ్ళిపోయాక అబ్బులుని స్టూలు మీద కూర్చోబెట్టి, తలుపు వేసి, ఎదురుగా నేనూ కూర్చున్నాను. పది నెలలుగా నేను ఒక్క ముఖం గీయలేదు. బల్ల మీద ఒక్కటే షీటు. పరీక్షలన్నీ నెగ్గిన షీటు. దాని మీద మొదటి గీత గీయడానికి పావుగంట పట్టింది. బొగ్గు చక్కగా పట్టింది. నాకే ముఖం పట్టుబడలేదు. నుదురు ఎక్కడ మొదలవుతుందో గుండు మీద తెలియలేదు. జుట్టు గుర్తు తెచ్చుకోబోతే కాగితాల దొంతరే గుర్తొచ్చింది. అన్ని మంగళవారాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని నేను అతని పాపిడి ఎటు ఉండేదో చూడలేదు. ఎడమ పక్కకి పెట్టాను. మీసం కొనలు పైకి తిప్పాను. బుగ్గ ఎక్కువైతే చెరిపాను. దవడ కొంచెం వెడల్పయింది. రెండు గంటలయ్యాక ఇంక చెయ్యడానికి ఏమీ లేక ఆపేశాను.

కాగితం బిగించిన చెక్క తిప్పి వాళ్ళిద్దరికీ చూపించాను. అది అబ్బులు కాదని నాకే తెలుస్తోంది. 'చాలా కష్టపడ్డారండీ' అన్న మాట కోసం సిద్ధంగా నిలబడ్డాను.

ఆ మాట రాలేదు. అబ్బులు స్టూలు మీంచి లేచాడు. దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నయ్యండి" అన్నాడు.

"ఎవరు?"

"మా వీర్రాజన్నయ్యండి. నన్ను పెంచింది ఆడే. ఈ ఉద్యోగంలో ఏయించింది ఆడే. ముప్పైయేడేళ్ళయిందండి, పడవ తిరగబడి పోయాడు. ఒక్క ఫొటో కూడా లేదు." అతని గొంతు మామూలుగానే ఉంది. కాని మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. "ఆడు కూడా పాపిడి ఈ పక్కకే తీసేవోడండి."

నూకరత్నం, పెళ్ళయిన కొత్తలో ఆ బావగారి ముందు ఎలా మసలేదో ఏమో, పైట కొంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకుని, బొమ్మకి కొంచెం పక్కగా తప్పుకుని నిలబడింది.

నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా గీస్తుంటే నా చేతిలో అచ్చంగా పోలిక వచ్చిన మొదటి బొమ్మ, నేను ఎన్నడూ చూడని మనిషిది.

"బాబుగారూ," అన్నాడు అబ్బులు, "అడక్కూడదు గాని, ఇది మాకిచ్చెయ్యటానికి అవుద్దాండి?"

అది ప్రభుత్వ కాగితం. అవదని చెప్పాలి. ఇవ్వాలంటే ఎవరెవరి సంతకాలు కావాలో నాకు వరసగా తెలుసు. కాసేపు ఆ వరస మనసులో లెక్కపెట్టుకుని, తరవాత మానేశాను. బొగ్గు చెరిగిపోకుండా పైన పల్చటి ట్రేసింగు కాగితం వేసి, రెండు అట్టల మధ్య పెట్టి, పురికొస కట్టి చేతికిచ్చాను. నూకరత్నం దాన్ని చంటిబిడ్డనెత్తుకున్నట్టు అడ్డంగా పట్టుకుని బస్సెక్కింది.

ఎస్.ఇ. గారి గదికి వెళ్ళి నిజం చెప్పాను. "బొమ్మ పాడైంది సార్. అబ్బులు పోలిక రాలేదు."

ఆయన ముఖం పాలిపోయింది. "కాగితం విఫలమైందా?"

"లేదు సార్. కాగితం బాగానే ఉంది. గీసినవాడే విఫలమయ్యాడు. నేనే."

ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "హమ్మయ్య. కాగితం నిలబడిందన్నమాట." లేచి రెండడుగులు అటూ ఇటూ వేశారు. "పది నెలల కృషి నరసింగరావు గారూ. మనుషులు పొరపాట్లు చేస్తారు. ఆ కృషి వృథా కాకూడదు. సీలు వేసిన షీటు ఇంకా ఉంది కదా?"

"ఉంది సార్. కాని దాని మీద గీయడానికి నాకు..."

"గీయకండి" అన్నారాయన. నా మేలు కోరినట్టుగానే అన్నారు.

ఇంజనీర్ల దినోత్సవం రోజున చీఫ్ ఇంజనీరు గారు వచ్చి తెర తొలగించారు. అద్దం వెనక, టేకు ఫ్రేములో, తెల్లటి షీటు. దాని కింద ఇత్తడి రేకు మీద 'శ్రీ బొంతు అబ్బులు, లస్కరు, పెదలంక లాకులు.' పక్కన ఇంకో ఫ్రేములో పరీక్షల నివేదిక. చీఫ్ ఇంజనీరు గారు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూశారు, వెనక్కి వచ్చి చూశారు. ఎస్.ఇ. గారు వెనకనించి, "చదరపు సెంటీమీటరుకు నూటపద్దెనిమిది సార్" అన్నారు.

"ఆహా" అన్నారు చీఫ్ ఇంజనీరు గారు. తరవాత మైకు ముందుకి వచ్చి, ఒక సామాన్య ఉద్యోగి నిర్మలమైన మనసుని ఇంతకంటే చక్కగా చూపించడం సాధ్యం కాదని, ఇలాంటి చిత్తరువులు ప్రతి సర్కిల్లోనూ పెట్టించాలని మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. ఇది నిజంగా నా పనితనం కాదని చెబుదామని నోరు తెరిచాను. శాలువా మంచి ఊలుది. నోరు మూసుకున్నాను.

అబ్బులు కోసం తెచ్చిన దండని ఆ ఫ్రేముకి వేశారు. అతను ఆఖరు వరసలో కూర్చుని ఉన్నాడు. గుండు మీద జుట్టు సన్నగా మొలుస్తోంది. అతణ్ణి వేదిక మీదికి పిలవాలని ఎవరికీ తట్టలేదు. గుర్తుపట్టినవాళ్ళు కూడా లేరనుకుంటాను. పక్కన కూర్చున్న కొత్త అసిస్టెంటు ఇంజనీరు కుర్రాడు, "మీరెవరి తాలూకు అండీ?" అని అడగడం నేను విన్నాను.

టీల దగ్గర నేనే అతని దగ్గరికి వెళ్ళాను. శాలువా తీసి మడిచి చంకలో పెట్టుకున్నాను. పది నెలల తరవాత ఒక మనిషితో ఏం మాట్లాడాలో తెలియక, ముందు టీ బాగుందా అని అడిగాను. బాగుందన్నాడు.

"అబ్బులూ, నీ బొమ్మ నేను గీయలేదు" అన్నాను. "ఆ రోజే, మొదటి రోజే గీయాల్సింది. కాగితం నా సొరుగులోనే ఉంది. నాకు భయమేసింది."

అతను ఆశ్చర్యపోలేదు. గ్లాసు అడుగున ఉన్న టీ కూడా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అన్నయ్యని గోడకి పెట్టామండి. పొద్దున్నే మా ఆడది బొట్టు పెడతంది. మొన్నూళ్ళో ముసలోళ్ళొచ్చి సూసి, ఈడు వీర్రాజేరా అన్నారు. మీరు ఏమనుకోకపోతే ఒకసారి మా ఇంటికి రండి. సెప్తే మా ఆడది చేపల పులుసు పెడద్ది."

"వస్తాను. ఆదివారం వస్తాను. ఈసారి నీ బొమ్మ గీస్తాను. ఏ కాగితం ఉంటే దాని మీద."

"అలాగేనండి." వెళ్ళబోతూ ఆగాడు. నేను మనసు కష్టపెట్టుకుంటానేమోనని కాబోలు, గొంతు తగ్గించి అన్నాడు. "ఒకేళ నా పోలిక రాకపోయినా మీరేం బెంగెట్టుకోకండి బాబుగారూ. మా నాన్నొచ్చినా పర్లేదు. ఆయన ఫొటో కూడా లేదు మాకు."